రక్తపరీక్షలో హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి, మరి గర్భసంచిలో గడ్డ ఎందుకు పెరుగుతోంది?

వేపచెట్టు · సోమవారం రాత్రి 9:40

నాకు 44 ఏళ్లు. ఏడాదిగా నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోంది. రెండో రోజు ఇల్లు కదలలేను. స్కాన్ తీస్తే గర్భసంచి గోడలో 5.1 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉందన్నారు. రెండేళ్ల కిందట ఇదే గడ్డ 3.4. డాక్టరు గారికి నాతో మాట్లాడడానికి దొరికింది మూడు నిమిషాలు. "హార్మోన్ల వల్ల పెరుగుతుందమ్మా" అన్నారు, తరువాతి నంబరు పిలిచారు. నేనే ల్యాబుకు వెళ్లి ఈస్ట్రడయోల్ పరీక్ష చేయించుకున్నాను, ఈస్ట్రోజెన్ హార్మోన్లలో ముఖ్యమైనది అదేనట. అంతా మామూలే అని వచ్చింది.

ఒళ్లంతా తిరిగేది ఒకే రక్తం కదా. అందులోని హార్మోన్ ముక్కును పెంచదు, వేళ్లను పెంచదు, గర్భసంచినే ఎందుకు పెంచుతుంది? అందులోనూ ఆ గడ్డనే ఎందుకు? మా ఆడపడుచు "ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంక ఆ సంచితో పనేముంది వదినా, తీయించేసుకో" అంటోంది. తీయించుకోవాలా వద్దా అని ఇక్కడ అడగడం లేదు. అది పెరగడం వెనక ఉన్న సంగతి ఏమిటో ముందు నాకు అర్థం కావాలి.

నల్లరేగడి · సోమవారం రాత్రి 10:05

మీ ఆడపడుచు మాట మన దగ్గర కొత్తేమీ కాదండీ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మా ఊళ్లో మిరప కోతకు వచ్చే కూలీలను అడిగితే పదిమందిలో ఇద్దరు ముగ్గురు "నాకు తీసేశారు" అంటారు. ఎందుకు తీశారంటే చెప్పలేరు. మీరు ముందు "ఎందుకు" అని అడిగారు, అందుకు సంతోషం.

ఎలుకలబోను · సోమవారం రాత్రి 11:20

నా పని ఫార్మకాలజీ ల్యాబులో, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చూసే చోట. డాక్టర్ని కాను, కాబట్టి వైద్యం చెప్పను. మీ ప్రశ్న మాత్రం నేను రోజూ తూకం వేసే ప్రశ్న.

పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు బకెట్టు పట్టుకుని అందరి ముందు నుంచీ వెళ్తాడు. విస్తరి ముందు కూర్చున్నవాడికి వడ్డిస్తాడు. గోడకు ఆనుకుని నిలబడ్డవాడికి వాసన తప్ప ఏమీ దక్కదు. హార్మోన్‌ది బకెట్టు పాత్ర. కణంలో ఉండే రిసెప్టర్ అనే ప్రోటీన్, అంటే గ్రాహకం, విస్తరి. ఈస్ట్రోజెన్ అందరి ముందు నుంచీ పోతుంది. గర్భసంచి కణాల్లో దాని విస్తళ్లు దట్టంగా పరిచి ఉంటాయి. ల్యాబువాళ్లు మీ రక్తంలో కొలిచింది బకెట్టులో ఎంత ఉందో. గర్భసంచిలో ఎన్ని విస్తళ్లు వేశారో ఆ పరీక్షకు తెలియదు.

రెండోకాఫీ · మంగళవారం ఉదయం 6:50

ఉపమానం రుచిగా ఉంది కానీ ఒక అభ్యంతరం. విస్తట్లో వడ్డిస్తే తింటారు. హార్మోన్‌ను కణం తింటుందా? తిని బలుస్తుందా?

పాతపుస్తకం · మంగళవారం ఉదయం 8:15

రెండోకాఫీ గారూ, మీ అభ్యంతరం చుట్టూ పెద్ద చరిత్రే ఉంది. 1950లలో చాలామంది శాస్త్రవేత్తలు ఇంచుమించు మీరన్నట్టే అనుకున్నారు. ఈస్ట్రోజెన్ కణంలోకి వెళ్లి ఎంజైముల చర్యల్లో పాలుపంచుకుని, ఆ క్రమంలో తానూ రూపం మారుతుందని, ఆ చర్య వల్లే గర్భసంచి పెరుగుతుందని వాళ్ల నమ్మకం.

షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సన్ దాన్ని తిరగేసి చూశాడు. హార్మోన్ కణాన్ని ఏం చేస్తుందన్న ప్రశ్న పక్కన పెట్టి, కణం హార్మోన్‌ను ఏం చేస్తుందని అడిగాడు. ఈస్ట్రడయోల్‌లో ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, చేర్చి ఈడు రాని ఆడ ఎలుకలకు ఎక్కించాడు. శరీరంలో సహజంగా ఉండేటంత కొద్ది మోతాదును కూడా వెతికి పట్టాలంటే అంత గట్టి గుర్తు కావాలి మరి. రక్తంలోంచి, కండరంలోంచి అది త్వరగానే వెళ్లిపోయింది. గర్భసంచిలో, యోనిలో మాత్రం గంటల తరబడి నిలిచింది. నిలిచినదాన్ని బయటికి తీసి చూస్తే రూపం ఏమీ మారలేదు, ఈస్ట్రడయోల్ ఈస్ట్రడయోల్‌గానే ఉంది. అంటే ఎవరూ తినలేదు, పట్టుకుని ఉంచుకున్నారు.

1958లో వియన్నాలో జరిగిన జీవరసాయన సదస్సులో ఈ సంగతి చెప్పినప్పుడు గదిలో ఉన్నది ఐదుగురేనట. అందులో ముగ్గురు తమ వంతు కోసం కూర్చున్న తోటి వక్తలు! ఈస్ట్రోజెన్ ఎంజైముల గురించిన పెద్ద సభ అదే సమయంలో వేరే హాల్లో నడుస్తోంది. 2004లో జెన్సన్‌కు పియర్ షాంబాన్, రోనాల్డ్ ఎవాన్స్‌లతో కలిపి లాస్కర్ పురస్కారం, అంటే వైద్య పరిశోధనకు అమెరికాలో ఇచ్చే పెద్ద బహుమతి, ఇచ్చారు. 2012లో 92 ఏళ్ల వయసులో పోయాడు. నోబెల్ రాలేదు. నాకైతే ఇప్పటికీ కొరతగానే అనిపిస్తుంది.

ఎలుకలబోను · మంగళవారం మధ్యాహ్నం 1:30

పాతపుస్తకం గారు నా పని సగం చేసేశారు. తినడం అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. విస్తరి మాత్రం ఉండనివ్వండి, దానితో ఇంకా పని ఉంది.

ఈస్ట్రోజెన్ తగలగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది. అలాంటి రిసెప్టర్లు జంటగా చేరి డీఎన్‌ఏ మీద తమకు కేటాయించిన చోట కూర్చుంటాయి. అక్కడి జన్యువులు పనిలోకి దిగుతాయి. పెరుగుదలను పురికొల్పే ప్రోటీన్లు, కొత్త రక్తనాళాలను పిలిచే ప్రోటీన్లు తయారవుతాయి. ఒక మిల్లీలీటరు రక్తంలో పదుల నుంచి వందల పికోగ్రాములు (గ్రాములో లక్ష కోట్లవ వంతు ఒక పికోగ్రాము) మాత్రమే ఉండే పదార్థం అంత పెద్ద పని చేయిస్తుందంటే కారణం ఇదే. అది సరుకు కాదు, కబురు.

దగ్గరగా చూడాలంటే మా బల్ల దగ్గరికి రండి. ఈడు రాని ఎలుకపిల్ల గర్భసంచి తెల్లటి దారప్పోగులా, ఇంగ్లిషు అక్షరం వై ఆకారంలో ఉంటుంది. బరువు ముప్పై మిల్లీగ్రాముల చుట్టూ. మూడు రోజులు వరుసగా ఈస్ట్రోజెన్ ఇచ్చి నాలుగో రోజు చూస్తే అదే పోగు గులాబీ రంగుకు తిరిగి, నీరు నిండి, వానలో నానిన సెనగగింజలా బిగిసి ఉంటుంది. కోసేటప్పుడు చేయి వణికి ఎక్కడైనా గాటు పడిందా, ఆ నీరంతా కారిపోయి లెక్క తప్పుతుంది. ముందు నీటితో సహా తూచాలి. తరువాత గాటు పెట్టి, వడపోత కాగితం మీద మెల్లగా అద్ది మళ్లీ తూచాలి. అద్దిన తరువాత కూడా మూడు రెట్లకు పైగా బరువు ఉంటుంది. మొదటి ఆరు గంటల్లో పెరిగేది ముఖ్యంగా నీరే. కణాలు డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుని విభజన చెందడానికి ఒక రోజు దాకా పడుతుంది. ఏదైనా రసాయనంలో ఈస్ట్రోజెన్ గుణం ఉందా అని తేల్చడానికి ప్రపంచమంతా ఇప్పటికీ వాడే పరీక్షల్లో ఇది ఒకటి.

కాన్పులగది · మంగళవారం రాత్రి 8:45

ఇరవై రెండేళ్లుగా లేబర్ రూములో నర్సుని. ఎలుకల సంగతి నాకు తెలియదు గానీ మీరు చెప్పేదంతా నా చేతికి తగిలిన సంగతే.

ఆడపిల్ల పుట్టిన మూడో రోజో నాలుగో రోజో లంగోటా మీద చిన్న రక్తపు మరక కనబడుతుంది. అమ్మమ్మలు హడలిపోయి పరిగెత్తుకొస్తారు. అప్పటిదాకా తల్లి హార్మోన్లు పాప గర్భసంచిని కూడా పెంచి ఉంటాయి. బొడ్డు కోశాక ఆ సరఫరా ఆగిపోతుంది, లోపలి పొర కాస్త రాలుతుంది. నాలుగు రోజుల్లో అదే ఆగుతుంది. ఆ పాప గర్భసంచి తరువాత చిన్నదైపోయి, ఈడు వచ్చేదాకా అలాగే ఉంటుంది.

ఇంకొకటి. బిడ్డ పెరిగి సాగదీస్తుంది కాబట్టి గర్భసంచి పెరుగుతుందని అందరూ అనుకుంటారు. మూడో నెల దాటాక అది నిజమే. మొదటి వారాల్లో మాత్రం హార్మోన్లదే పని. గర్భం ట్యూబులో నిలిచినవాళ్లకు గర్భసంచిలో ఏమీ ఉండదు, అయినా అది కొంత పెరుగుతుంది, మెత్తబడుతుంది. వట్టి సంచి పెరుగుతుందన్నమాట!

డెబ్బై గ్రాములు ఉండేది నెలలు నిండేసరికి కిలో దాటుతుంది. కాన్పు అయ్యాక బొడ్డు కింద చెయ్యి పెడితే కొబ్బరికాయలా గట్టిగా తగులుతుంది. అక్కడి నుంచి రోజుకు ఒక వేలు వెడల్పున దిగుతుంది. వారానికి అర కిలో, నాలుగు వారాలకు వంద గ్రాముల లోపు. కండర కణాలు చచ్చిపోయి కాదు, ఒక్కో కణమూ చిక్కిపోయి. బాలింతలు "పాలిస్తుంటే పొత్తికడుపులో నొప్పి" అంటే "మంచిదేనమ్మా, లోపల సర్దుకుంటోంది" అంటాను.

దూరతీరం · మంగళవారం రాత్రి 10:30

కాన్పులగది అక్కా, ఒక ప్రశ్న. నాకు నెలలు నిండాక నొప్పులు రావడానికి సెలైన్‌లో ఆక్సిటోసిన్ పెట్టారు, నాలుగు గంటల్లో బాబు పుట్టాడు. అదే మందు ఐదో నెలలో పనిచేయదంటారు. నిజమేనా?

కాన్పులగది · బుధవారం ఉదయం 7:10

నిజమే తల్లీ. ఐదో నెలలో ఆ మందుకు గర్భసంచి సరిగా పలకదు, మోతాదు ఎంతో పెంచాలి. నెలలు నిండేసరికి కొన్ని చుక్కలు చాలు. మందు మారలేదు. ఎలుకలబోను గారి భాషలో చెప్పాలంటే నెలలు నిండేకొద్దీ ఆక్సిటోసిన్ విస్తళ్లు అనేక రెట్లు పెరుగుతాయి.

వేపచెట్టు · బుధవారం ఉదయం 9:00

ఇంత ఓపికగా రాస్తున్నందుకు అందరికీ నమస్కారం. ఒకటి ఇంకా తేలలేదు. గర్భసంచి మొత్తానికీ విస్తళ్లు ఉన్నాయి. మరి గడ్డ మాత్రమే ఎందుకు పెరుగుతోంది?

ప్రకృతిబాట · బుధవారం ఉదయం 11:40

అన్నిటికీ మూలం ఈస్ట్రోజెన్ ఎక్కువ కావడమే. సోయా, అవిసె గింజలు వెంటనే మానేయండి. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు తాగకండి. ఈస్ట్రోజెన్ తగ్గితే గడ్డ దానంతట అదే కరుగుతుంది. మా పిన్నికి మూడు నెలల్లో కరిగింది.

ఎలుకలబోను · బుధవారం మధ్యాహ్నం 2:20

ప్రకృతిబాట గారూ, "ఈస్ట్రోజెన్ ఎక్కువ" అన్నది మొదటి పోస్టులోని రక్తపరీక్షకే ఎదురు నిలుస్తోంది. మీ పిన్ని గారి వయసు ఎంత? యాభై దాటి ఉంటే ముట్లుడిగి ఉంటాయి, అప్పుడు ఫైబ్రాయిడ్లు మామూలుగానే చిక్కిపోతాయి. ఆ ఘనత అవిసె గింజలు మానినందుకు ఇవ్వనక్కర్లేదు.

వేపచెట్టు గారూ, ఇప్పుడు మీ ప్రశ్న. చాలాకాలం మేమూ ఫైబ్రాయిడ్‌కు ఈస్ట్రోజెనే ఎరువు అనుకున్నాం. అసలు తోసేది ప్రొజెస్టిరాన్, అంటే అండం విడుదలయ్యాక అండాశయం ఎక్కువగా తయారు చేసే ఇంకో హార్మోన్. 2010లో మనుషుల ఫైబ్రాయిడ్ ముక్కలను ఎలుకల మూత్రపిండం పొర కింద నాటి చూశారు. ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే పెరగలేదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ కలిపి ఇస్తే పెరిగాయి. మరి ఈస్ట్రోజెన్ చేసే పని? ప్రొజెస్టిరాన్ రిసెప్టర్లను తయారు చేయించడం. ఒకరు విస్తళ్లు పరుస్తారు, వడ్డన ఇంకొకరిది.

అదే ప్రొజెస్టిరాన్ గర్భసంచి లోపలి పొరలో దీనికి విరుద్ధంగా నడుస్తుంది. నెలసరి అయిపోయిన రోజున ఆ పొర ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఈస్ట్రోజెన్ దాన్ని పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వచ్చి ఈస్ట్రోజెన్ విస్తళ్లు మడిచేస్తుంది, పెరుగుదల ఆగుతుంది. అండం నెలల తరబడి విడుదల కాకపోతే, పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లకు జరిగినట్టు, మడిచేవాళ్లు రారు. పొర మందమవుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే క్యాన్సర్ దాకా పోవచ్చు. అందుకే వాళ్లకు ప్రొజెస్టిరాన్ లాంటి మందులు ఇస్తారు. 1975లో అమెరికాలో, ముట్లుడిగినవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వడం వల్ల గర్భాశయ క్యాన్సర్ పెరుగుతోందని బయటపడ్డాకే రెండూ కలిపి ఇవ్వడం స్థిరపడింది.

పొరను అదుపు చేసే హార్మోనే గడ్డను తోస్తుంది. కణం ఏదన్నది బట్టి కబురుకు అర్థం మారుతుంది. సుమారు 70 శాతం ఫైబ్రాయిడ్లలో మెడ్‌12 అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది. అంటే ఒక్క కండర కణం దారి తప్పి తన సంతానాన్ని పెంచుకుంది. పక్కనున్న మామూలు కండరానికి అదే ప్రొజెస్టిరాన్ అందినా అది ఊరుకుంటుంది.

రెండోకాఫీ · బుధవారం సాయంత్రం 5:05

ఒక్క మాట ఒప్పుకోవాలి, విస్తరి నిలబడింది. ఇంకో పరీక్ష పెడతాను. విస్తరి లేనివాళ్లకు ఏమవుతుంది?

పాతపుస్తకం · బుధవారం సాయంత్రం 6:40

అలాంటి ఎలుకలను 1993లో తయారు చేశారు, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫా జన్యువు పనిచేయకుండా చేసి. అసలు బతకవేమో అనుకున్నారు. బతికాయి. గర్భసంచి ఉంది, కానీ సన్నగా ఎండిన తీగలా. ఎంత ఈస్ట్రోజెన్ ఇచ్చినా కదలలేదు. మనుషుల్లోనూ 2013లో ఒక 18 ఏళ్ల యువతి సంగతి వెలుగులోకి వచ్చింది. రక్తంలో ఈస్ట్రోజెన్ చాలా ఎక్కువ, రొమ్ములు ఎదగలేదు, గర్భసంచి చిన్నది. రిసెప్టర్‌లో లోపం. బకెట్టు పొంగిపొర్లుతోంది, విస్తరి చిరిగి ఉంది.

అయితే విస్తరి ఉపమానానికి నిజంగా తిప్పలు పెట్టేది 1997 నాటి ప్రయోగం. గర్భసంచి లోపలి పొరను, దాని కింది కణజాలాన్ని విడదీసి, రిసెప్టర్ ఉన్నవి లేనివి అటూ ఇటూ మార్చి అతికించారు. పొరలో రిసెప్టర్ లేకపోయినా కింది కణజాలంలో ఉంటే పొర పెరిగింది. పొరలో ఉండి కింద లేకపోతే పెరగలేదు. విస్తరి ఒకరి ముందు, బలిసింది పక్కవాళ్లు!

ఎలుకలబోను · బుధవారం సాయంత్రం 7:15

సరే, ఓడిపోయాను. కింది కణాలు కబురు అందుకుని పై పొరకు వేరే ప్రోటీన్లతో చేరవేస్తాయి. పంక్తిలో కూర్చున్న తాతగారు మనవడికి ముద్ద పెట్టినట్టు అనుకుందాం.

మంజీర · బుధవారం రాత్రి 9:30

మా అమ్మకు 61. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మూడేళ్లుగా టామోక్సిఫెన్ వాడుతోంది. అది ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందు అన్నారు. మొన్న స్కాన్‌లో గర్భసంచి పొర మందంగా ఉందన్నారు. అడ్డుకునే మందు వాడుతుంటే పొర పెరగడమేమిటి? ఇద్దరు డాక్టర్లను అడిగాను, ఇద్దరూ "అలా అవుతుంది" అన్నారు తప్ప ఎందుకో చెప్పలేదు.

ఎలుకలబోను · బుధవారం రాత్రి 10:50

టామోక్సిఫెన్ కూడా ఆ విస్తరి ముందే కూర్చుంటుంది మంజీర గారూ. రొమ్ము కణంలో అది చోటు ఆక్రమించి ఈస్ట్రోజెన్‌ను కూర్చోనివ్వదు, తానూ పని చేయించదు. గర్భసంచి పొరలో రిసెప్టర్‌కు తోడు వచ్చే సహాయక ప్రోటీన్లు ఎక్కువ. వాటి అండతో అక్కడ టామోక్సిఫెన్ కొంత ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది. మందు ఒకటే, రిసెప్టర్ ఒకటే, చుట్టూ ఉన్న జనం వేరు. రాలాక్సిఫెన్ అనే దాని దగ్గరి బంధువు గర్భసంచిని ఇలా ఉసిగొల్పదు.

కాన్పులగది · బుధవారం రాత్రి 11:05

మంజీర, ఇది మాత్రం రాసి పెట్టుకో. అమ్మకు ఒక్క చుక్క రక్తం కనబడినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ముట్లుడిగాక రక్తం కనబడితే "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకునేవాళ్లను చాలామందిని చూశాను. చుక్క లేకుండా పొర మందంగా ఉండడం ఈ మందు వాడేవాళ్లలో తరచుగా కనిపించేదే. మందు సొంతంగా ఆపనివ్వకు.

ప్రకృతిబాట · గురువారం ఉదయం 8:20

పిన్నికి 53. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. సోయా మాట మాత్రం నేను గాలిలోంచి చెప్పలేదు. మొక్కల్లో ఈస్ట్రోజెన్ ఉంటుందని చదివాను.

ఎలుకలబోను · గురువారం మధ్యాహ్నం 1:00

గాలిలోంచి కాదు, నిజమే. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు చూలు కట్టకుండా పోయాయి. ఆ గడ్డిలోని పదార్థం గొర్రె కడుపులో ఈస్ట్రోజెన్ గుణం ఉన్నదిగా మారుతుందని తరువాత తేలింది. వాటి గర్భసంచి పొర నీటి బుడగలతో ఉబ్బి ఉండేది. అయితే ఆ గొర్రెలు పొద్దస్తమానం మేసింది ఆ గడ్డినే. వారానికి రెండుసార్లు సోయా కూర వండుకునే మనిషితో పోలిక కుదరదు. పైగా సోయాలోని జెనిస్టీన్ గర్భసంచిలో ప్రధానమైన ఆల్ఫా రిసెప్టర్ కంటే, 1996లో కనిపెట్టిన రెండో రకం ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటానే బాగా పట్టుకుంటుంది.

మీ మాటకు మా ల్యాబులో సాక్ష్యం కూడా ఉంది. ఒకసారి ఏ మందూ ఇవ్వని ఎలుకల గర్భసంచులు కూడా బరువు తూగాయి. వారం రోజులు తూకం యంత్రాన్ని అనుమానించాం, తరువాత నన్ను అనుమానించారు. చివరికి చూస్తే మేతలో సోయా పిండి. ఎలుకపిల్ల రోజంతా తినేది అదొక్కటే మరి. ఆ విడత లెక్కలన్నీ చెత్తబుట్టలో వేశాం.

వేపచెట్టు · పది రోజుల తరువాత, ఆదివారం ఉదయం 10:15

వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రశీదు వెనక మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఆవిడ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండింటినీ పై నుంచే తగ్గించే సూది మందులు ఉన్నాయట. గడ్డ చిక్కుతుంది కానీ ఒళ్లు ఆవిర్లు, ఎముకలు పలచబడడం లాంటి ఇబ్బందులు ఉంటాయి, ఆపితే మళ్లీ పెరుగుతుంది. గడ్డ ఒక్కదాన్నే తీసే ఆపరేషన్ ఉంది. సంచి మొత్తం తీయాల్సి వచ్చినా అండాశయాలు ఉంచవచ్చని చెప్పారు. మా ఆడపడుచు ఇన్నాళ్లూ గర్భసంచే హార్మోన్లు తయారు చేస్తుందని, అది పోతే హార్మోన్ల గొడవే పోతుందని అనుకుంటోంది! తయారయ్యేది అండాశయాల్లో అని నేనే చెప్పాను.

హిమోగ్లోబిన్ 8.9 ఉంది. ముందు దాని సంగతి చూద్దామన్నారు. ఐరన్ మాత్రలు, నెలసరి రోజులకు రక్తస్రావం తగ్గించే మాత్రలు ఇచ్చారు. మళ్లీ స్కాన్ తీశారు, 5.2. తీసినవాళ్లు వేరు, మిషను వేరు, కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు కోసం నిద్ర పాడుచేసుకోవద్దన్నారు.

ఎలుకలబోను గారూ, మీ ఎలుకలు ఇప్పుడేం తింటున్నాయి?

ఎలుకలబోను · ఆదివారం ఉదయం 11:50

సోయా బదులు పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌తో చేసిన మేత. ధర రెట్టింపు. బిల్లు పాస్ చేయించడానికి ఈ చర్చలో రాసినంతా మళ్లీ అకౌంట్స్ వాళ్లకు రాయాల్సి వచ్చింది.